సీనరీ దాటని డ్రాయింగు పీరియడు

తొమ్మిదో తరగతి పిల్లల చేతికి తెల్ల కాగితాలిచ్చి మీ ఇష్టం వచ్చిన బొమ్మ వేయండి అని చెప్పి చూడండి. క్లాసులో చాలామంది వేసేది ఒకటే బొమ్మ. రెండు కోసు కొండలు, వాటి మధ్య సగం పొడిచిన సూర్యుడు, కొండల సందులోంచి వంకర్లు తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు టిక్కు మార్కు పక్షులు. దాని పేరు సీనరీ. కనుచూపు మేరలో ఏరన్నదే లేని అనంతపురం పల్లెలోనూ ఇదే, సముద్రపు గాలి కిటికీలోంచి కొట్టే విశాఖ బడిలోనూ ఇదే. ఎవరూ పాఠంగా చెప్పకపోయినా అక్క నోటుబుక్కులోంచి చెల్లి నోటుబుక్కులోకి దిగుతూ వస్తోంది.

ఈ బొమ్మ వేసిన పిల్లకు చేయి రాదని అనలేం, ఊహ లేదనీ అనలేం. కళ్లెదురుగా ఉన్నదాన్ని చూసి వేయడం ఒకటుందని ఎవరూ చెప్పలేదు, అంతే. హైస్కూల్లో చిత్రకళ ఎలా నేర్పాలన్న ప్రశ్న మీద ఇక్కడా బయటా చాలా వాదాలు నడిచాయి. కాపీ చేయించాలన్నవాళ్లున్నారు, స్వేచ్ఛగా వదిలేయాలన్నవాళ్లున్నారు, మిగతా సబ్జెక్టులతో కలిపేయాలన్నవాళ్లున్నారు. ఒక్కోదానిలో ఎంత పస ఉందో, యాభై మంది పిల్లలున్న మన క్లాసులో ఏది నిలుస్తుందో చూద్దాం.

ముందు వయసు సంగతి. ఐదేళ్ల పిల్లకు బొమ్మ వేయడంలో ఏ బాధా లేదు. అమ్మను ఇంటికంటే పొడుగ్గా వేసి మురిసిపోతుంది. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆస్ట్రియా అధ్యాపకుడు అమెరికా వెళ్లి 1947లో రాసిన పుస్తకంలో పిల్లల బొమ్మలు వయసుతోపాటు ఎలా మారతాయో దశలవారీగా చెప్పాడు. తొమ్మిది పదేళ్లకు ఉన్నదున్నట్టు వేయాలన్న తపన మొదలవుతుంది. పన్నెండు పద్నాలుగు మధ్య అది ముదురుతుంది. ఆ దశల లెక్క అన్ని దేశాల పిల్లలకూ ఒకేలా పొసగదని తర్వాతివాళ్లు ఆక్షేపించారు, సబబే. అయినా హైస్కూలు మాస్టర్లందరికీ అనుభవంలో ఉన్న విషయం ఒకటి అందులో ఉంది. ఏడెనిమిది తరగతులకు వచ్చేసరికి తప్పు పట్టే కన్ను పెరుగుతుంది, దిద్దుకునే చేయి పెరగదు. తన బొమ్మ తనకే నచ్చదు. "నాకు డ్రాయింగు రాదు సార్" అనే మాట పుట్టేది అక్కడే. ఆ మాట అన్న పిల్లలు చాలామంది జీవితంలో మళ్లీ బొమ్మ ముట్టుకోరు. ఆ రెండు మూడేళ్లలో చేతికి కొంత సాయం అందితే నిలబడతారు. అందుకే ఇందులో ప్రాథమిక పాఠశాల టీచరు కంటే హైస్కూలు టీచరు పని కష్టం.

సాయం అంటే మనకు మొదట గుర్తొచ్చేది కాపీ. బోర్డు మీద మాస్టారు వేస్తారు, కింద పిల్లలు వేస్తారు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ పెట్టిన కళాశాల, 1857లో బొంబాయిలో వచ్చిన జె.జె. స్కూలు, వాటి వెనక లండన్ సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి. అచ్చు నమూనాలు చూసి గీతలు దిద్దడం, జామెట్రీ, పోత బొమ్మలు చూసి షేడింగు. మహారాష్ట్రలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు గ్రేడు పరీక్షలు ఇప్పటికీ జోరుగా నడుస్తున్నాయి, వాటికి పదో తరగతిలో అదనపు మార్కులూ ఉన్నాయి. మన దగ్గర లోయరు, హయ్యరు డ్రాయింగు పరీక్షలు రాసి, టీటీసీ శిక్షణ పూర్తి చేసి డ్రాయింగు మాస్టర్లయినవాళ్లది ఒక తరం. ఆ పరీక్షలను వెక్కిరించడం ఈమధ్య ఫ్యాషనైంది గానీ, నేను ఆ జట్టులో లేను. తిన్నటి గీత గీయడం, కొలత పట్టడం, రంగు సమంగా పూయడం నేర్పింది ఆ చదువే. చిక్కెక్కడంటే అది అక్కడే ఆగిపోతుంది. అచ్చు నమూనాను అద్భుతంగా దించే కుర్రాడికి ఎదురుగా ఉన్న సైకిలు ఇచ్చి చూడండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నమూనాలో లోకాన్ని గీతలుగా మార్చే పని అప్పటికే ఇంకెవరో చేసిపెట్టారు. నేర్పవలసింది ఆ పనే.

కాపీ మీద తిరుగుబాటుగా వచ్చింది స్వేచ్ఛ. వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ పిల్లలకు ఏదీ నేర్పకుండా వేయనివ్వడమే పద్ధతిగా పెట్టుకున్నాడు. ఆ గాలి ప్రపంచమంతా వీచింది. చిన్న తరగతులకు ఆ మందు బాగానే పనిచేస్తుంది. పద్నాలుగేళ్లవాళ్లకు మాత్రం ఇష్టమొచ్చింది వేయమంటే ఏం వస్తుందో మొదట్లోనే చూశాం. తెలిసినవి నాలుగు బొమ్మలైతే స్వేచ్ఛ కూడా ఆ నాలుగింటిలోనే తిరుగుతుంది.

మనవాళ్ల అనుభవంలో ఈ రెండింటికీ చెందని దారి ఒకటుంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. శిష్యులను వెంటబెట్టుకుని బయటికి తీసుకుపోయి చూపించి వేయించేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేతికింద తయారైనవాళ్లే. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ముప్ఫై ఏళ్లు నిండకుండానే పోయాడు. బాపిరాజు మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రలేఖనం నేర్పాడు. అదే కాలంలో శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ పిల్లలను చెట్ల కిందికీ సంతాల్ పల్లెలకూ తిప్పేవాడు. అక్కడ చదివిన దేవీప్రసాద్ సేవాగ్రాం వెళ్లి నయీ తాలీం బడిలో పిల్లలకు కళ నేర్పాడు. కళను ఒక సబ్జెక్టుగా పక్కన పెట్టకూడదని, చదువుకంతటికీ అదే పునాదిగా ఉండాలని ఆయన వాదం. వీళ్లంతా నమూనా ఇవ్వలేదు, ఊరికే వదిలేయనూ లేదు. తీసుకెళ్లి చూపించారు.

చూపించడమంటే ఏమిటో ఒక స్టీలు బిందెతో చెప్పొచ్చు. బల్ల మీద బిందె పెట్టి వేయమంటే చాలామంది మూతిని నిండు సున్నాలా, అడుగును స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వేస్తారు. మూతి గుండ్రంగా ఉంటుందని వాళ్లకు తెలుసు. బిందె బల్ల మీద కదలకుండా నిలబడింది కాబట్టి అడుగు బల్లపరుపుగా ఉంటుందనీ తెలుసు. తెలిసినదాన్ని వేశారు, కళ్లు ఇచ్చిన సాక్ష్యాన్ని పక్కన పెట్టారు. ఇక్కడ ఉపన్యాసం అక్కర్లేదు. బిందెను ఎత్తి పిల్లల కంటి ఎత్తుకు పట్టుకోండి. మూతి ఒక్క గీత అయిపోతుంది. మెల్లగా దించండి. గీత విచ్చుకుని సన్నటి కోల అవుతుంది, ఇంకా దించితే కోల వెడల్పవుతుంది. ఇప్పుడు అడుగు సంగతి అడగండి. అది మూతికంటే కంటికి ఇంకా కిందుగా ఉంది కదా, మరి దాని వంపు తక్కువుండాలా, ఎక్కువుండాలా? వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు జవాబు చెప్తారు. వెంటనే రెండో కాగితం ఇచ్చి మళ్లీ వేయించాలి. రెండు బొమ్మలనూ తేదీ వేసి దాచాలి. ఐదు నిమిషాల పాఠం ఇది. దీనితో డ్రాయింగు వచ్చేసినట్టు కాదు గానీ, రాదనుకున్నది నేర్చుకుంటే వచ్చేదేనని పిల్లకు అర్థమవుతుంది.

ఇలాంటి అభ్యాసాలు పుస్తకాల్లో దండిగా ఉన్నాయి. కీమన్ నికొలాయిడిస్ పాఠాలు ఆయన పోయాక 1941లో పుస్తకంగా వచ్చాయి. కాగితం వైపు చూడకుండా వస్తువు అంచు వెంట కంటిని నడిపిస్తూ పెన్సిల్‌ను దానితోపాటు కదిపే అభ్యాసం ఆ పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఎడమ చేతిని బల్ల మీద పెట్టుకుని కుడి చేత్తో అలా ఐదు నిమిషాలు వేయించండి. బొమ్మలన్నీ వంకరటింకరగా వస్తాయి, క్లాసంతా నవ్వుతుంది. అందరివీ పాడయ్యాయి కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. కానీ వేలి కణుపు దగ్గర ముడత, గోరు అంచు ఆ గీతల్లో ఎక్కడో నిజంగా పడి ఉంటాయి. సీనరీలో అలాంటి గీత ఒక్కటీ దొరకదు.

బెటీ ఎడ్వర్డ్స్ 1979లో రాసిన పుస్తకం ఇంకా ప్రసిద్ధం. గీతల బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి వేయమంటుంది. ముక్కు, కన్ను అని గుర్తుపట్టే వీలు లేక పిల్లలు గీత ఎటు తిరిగిందో మాత్రమే చూస్తారు. ఆమె పికాసో వేసిన స్ట్రావిన్‌స్కీ బొమ్మ వాడింది. మనకు బాపు ఉన్నాడు. తక్కువ గీతలు, ఎక్కడా తడబాటు లేని గీతలు. ఒక బాపు బొమ్మ జిరాక్సు తీయించి తలకిందులుగా పంచండి, అయ్యాక అందరినీ ఒకేసారి తిప్పి చూసుకోమనండి. దీనికి ఆమె చెప్పిన కుడి మెదడు, ఎడమ మెదడు సిద్ధాంతాన్ని మాత్రం శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. దాన్ని పిల్లలకు చెప్పకండి. అభ్యాసం పనిచేస్తుంది, అది చాలు. ప్లాస్టిక్ కుర్చీని వదిలేసి దాని చేతుల కింది ఖాళీలను, కాళ్ల మధ్య ఖాళీలను వేయమనడం కూడా ఈ కోవలోదే. ముఖం వేసేటప్పుడు కళ్లు తల మధ్యకు వస్తాయన్నది మరొకటి. అందరూ నుదుటి దగ్గరికి ఎత్తేస్తారు. పక్కవాడి తలను పెన్సిల్‌తో కొలిచి చూస్తేగాని నమ్మరు.

పీరియడు సంగతి చెప్పకుండా ఇదంతా చెప్పడం దండగ. మనకున్నది నలభై, నలభై ఐదు నిమిషాలు. హాజరు, పెన్సిళ్లు చెక్కడం, అట్టలు పంచడంలో పది పోతాయి. చూపించడానికి ఐదు, వేయడానికి ఇరవై, గోడకు ఆనించి అందరివీ చూడటానికి మిగిలినవి. ఆ చివరిది ఎప్పుడూ గాలికి పోతుంది, నిజానికి అదే ముఖ్యం. అమెరికాలో లోయిస్ హెట్లాండ్, ఎలెన్ విన్నర్ బృందం బోస్టన్ ప్రాంతపు రెండు కళా పాఠశాలల్లో హైస్కూలు తరగతులను గమనించి 2007లో పుస్తకం తెచ్చింది. మంచి టీచర్లు చూపించడం, పని చేయించడం, కలిసి చూడటం అనే మూడింటినీ కలిపి నడుపుతారని, చేతి నైపుణ్యం, పట్టుదల, పరిశీలన, ఊహించి చూడటం, తన పనిని తానే తరచి చూసుకోవడం వంటి ఎనిమిది అలవాట్లు నేర్పుతారని తేల్చింది. అవి కళ కోసమే పెట్టిన బళ్లు, మనలా గంట కొట్టగానే లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడే చోట్లు కావు. అందువల్ల ఆ ఎనిమిదింటినీ గోడ మీద చార్టుగా అంటించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. చూపించు, చేయించు, కలిసి చూడు అన్న క్రమం మాత్రం ఎంత చిన్న పీరియడులోనైనా ఇముడుతుంది.

కలిసి చూసేటప్పుడు "బాగుంది" అన్న మాటకు సెలవివ్వాలి. అది విన్న పిల్లకు రేపు ఏం చేయాలో తెలియదు. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ మ్యూజియంల కోసం తయారుచేసిన ప్రశ్నల పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. బొమ్మలో ఏం జరుగుతోందో అడగడం, అలా అనడానికి బొమ్మలో ఏం కనిపించిందో చూపించమనడం, ఇంకేమైనా ఉందేమో వెతకమనడం. ఏదో ఒక తీర్పు చెప్పి వదిలించుకోవడం కంటే నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే. మరో నియమం, టీచరు పిల్ల బొమ్మ మీద గీత పెట్టకూడదు. చూపించాలనుకుంటే మార్జిన్లోనో, తన చిత్తు కాగితం మీదో వేసి చూపించాలి. మాస్టారు దిద్దిన ముక్కు ఉన్న బొమ్మను పిల్ల ఇంటికి తీసుకెళ్లదు, అది తనది కాదని పిల్లకు తెలుసు.

సామగ్రికి ఖర్చు ఎక్కువ అన్నది సగమే నిజం. రబ్బరు మొదటి నెల బంద్ చేయండి. తప్పు గీత అలాగే ఉండాలి, దాని పక్కన సరైన గీత పడాలి. హెచ్‌బీ పెన్సిల్‌కు బదులు 4బీ, 6బీ రెండుంటే నలుపు లోతు తెలుస్తుంది. రూళ్లు లేని లాంగ్ నోట్‌బుక్ ఏడాదికి సరిపోతుంది. రంగులకు పోస్టర్ కలర్ డబ్బాలు కొనలేని బడి నందలాల్ బోస్ హరిపుర బొమ్మలను చూపించాలి. 1938 కాంగ్రెస్ సభల కోసం ఆయన మట్టి రంగులతో, లావు కుంచె గీతతో పల్లె జనం పనిపాటలను వేశాడు. ఎర్రమన్ను, సున్నం, దీపం మసి, పసుపు, కలపడానికి తుమ్మబంక. తమ ఊళ్లో ఇస్త్రీ బండివాణ్ని, పంక్చరు వేసే మనిషిని, పూలు కట్టే అమ్మను ఈ రంగుల్లో వేయడం తొమ్మిదో తరగతికి మంచి పని. సున్నం, పసుపు కలిస్తే ఎర్రబడుతుందన్నది వాళ్లే కనిపెట్టి కేకలేస్తారు. కాకపోతే సున్నం చేతులను, కళ్లను కాల్చగలదు, ఆ జాగ్రత్త టీచరే చూసుకోవాలి.

స్థానిక కళల దగ్గర మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేస్తున్నారనిపిస్తుంది. పాఠ్య ప్రణాళికలన్నీ వాటిని నేర్పమంటున్నాయి, బడులు చేస్తున్నది చేర్యాల ముఖానికి రంగు నింపే షీట్లు పంచడం. అది పాత కాపీయే, కొత్త చొక్కా తొడుక్కుంది. చేర్యాల పటంలో నేర్చుకోదగింది కథ చెప్పే తీరు. పొడవాటి గుడ్డను అడ్డపట్టీలుగా విడగొట్టి, ఎర్రటి నేపథ్యం మీద ఒక్కో పట్టీలో ఒక్కో ఘట్టం పెడతారు. ఆ ఎత్తుగడ తీసుకుని తమ వీధిలో నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజును ఐదు పట్టీల్లో వేయమనండి. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో చూడవలసింది వెలుగు వచ్చే రంధ్రాల అల్లిక. లేపాక్షి గుడి కప్పు చిత్రాల్లో చూడవలసింది చీరల మీది నమూనాలు, మనుషులను వరుసగా నిలబెట్టిన తీరు. ముగ్గు సంగతి వేరే చెప్పాలి. మెలికల ముగ్గులో చుక్కల చుట్టూ తెగకుండా తిరిగే గీతను చాలామంది ఆడపిల్లలు ఇంట్లోనే నేర్చుకుని వస్తారు. డ్రాయింగు క్లాసులో దాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు అరుదు. ఒక పీరియడు ఆ పిల్లలు నేర్పాలి, మగపిల్లలు నేర్చుకోవాలి. సవర గోడ బొమ్మల లాంటివి పూజతో ముడిపడ్డవి, వాటిని డిజైన్లుగా వాడుకునే ముందు అవి ఎవరివో, ఎందుకు వేస్తారో చెప్పి తీరాలి.

మిగతా సబ్జెక్టులతో కలపడం ఇప్పుడు అధికారిక విధానం. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కళలను పదో తరగతి దాకా తప్పనిసరి చేయమంది, 2020 విద్యావిధానం పాఠ్యాంశాలు వేరు, సహపాఠ్యాంశాలు వేరన్న గీతను చెరపమంది. సీబీఎస్‌ఈ బళ్లలో కళను కలిపిన ప్రాజెక్టులు వచ్చాయి. జత చేసిన రాష్ట్రం మీద ప్రాజెక్టు చేయాలి కాబట్టి ఆంధ్ర పిల్లలు పంజాబును, తెలంగాణ పిల్లలు హర్యానాను పట్టుకున్నారు. జరిగిందేమిటంటే నెట్లోంచి ప్రింటు తీసిన బొమ్మలు చార్టు మీద అంటించడం, చుట్టూ మెరుపుల అంచు వేయడం. అసలైన కలయిక కావాలంటే కాళహస్తి కలంకారీ చూడండి. గుడ్డను కరక్కాయ కషాయంలో, పాలలో నానబెడతారు. ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమిని వెదురు కలంతో గీస్తే ఆ గీత నల్లబడుతుంది, కరక్కాయలోని టానిన్‌కు ఇనుము తగలడం వల్ల. పటిక పూసిన చోట ఎర్ర రంగు పట్టుకుంటుంది, పూయని చోట పట్టుకోదు. పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు. సైన్సు టీచరు, డ్రాయింగు టీచరు కలిసి రెండు వారాల్లో చేయించగల పని. కెమిస్ట్రీ ఉంటుంది, గీత మీద పట్టూ ఉంటుంది, ఒకటి రెండోదానికి గుమాస్తాగిరీ చేయదు.

కళ నేర్పితే లెక్కల మార్కులు పెరుగుతాయని తల్లిదండ్రులకు చెప్పే అలవాటు కూడా మానుకోవాలి. విన్నర్, హెట్లాండే 2000లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి చూసి, చిత్రకళ వల్ల మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదని చెప్పారు. కళాభిమానులకు వాళ్ల మీద కోపం వచ్చింది. కానీ లెక్కల పేరు చెప్పి సంపాదించిన పీరియడును రేపు లెక్కల మాస్టారే తీసుకుపోతాడు.

మార్కులంటే గుర్తొచ్చింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళలకు గ్రేడు ఇవ్వడం మొదలైంది, ఎవరినీ నొప్పించకుండా అందరికీ ఏ గ్రేడు పడటమూ మొదలైంది. చేయి తిరిగిన నలుగురికి ఏ, మిగతావాళ్లకు బీ ఇవ్వడం దానికంటే అన్యాయం. ఏడాది పొడవునా తేదీలు వేసిన నోట్‌బుక్ ఉంటే పని తేలిక. జూన్ బిందెనూ ఫిబ్రవరి బిందెనూ పక్కపక్కన పెట్టి, కన్ను ఎంత దూరం వచ్చిందో చూసి గ్రేడు ఇవ్వొచ్చు. ఒక బొమ్మను పిల్ల ఎన్నిసార్లు మళ్లీ వేసింది, తన పని గురించి రెండు వాక్యాలు రాయగలిగిందా అన్నవి మిగతా కొలతలు. పోటీలు వద్దనను. 2015 నుంచి కళా ఉత్సవ్ నడుస్తోంది, దానికి వెళ్లే పిల్లలు వెళ్తారు. వెళ్లని నలభై తొమ్మిది మంది కోసమే పీరియడు ఉంది.

ఫోను గురించి ఒక్క మాట. స్క్రీన్ మీద కాగితం పెట్టి ట్రేస్ చేయడం, ఏఐ బొమ్మను దించడం పిల్లలు చేస్తూనే ఉంటారు, నిషేధం నిలవదు. తాము తీసిన ఫొటో అయితేనే వాడుకోవచ్చని షరతు పెడితే కనీసం ఎక్కడ నిలబడాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలు వాళ్లవవుతాయి.

కొందరు ఈ దారిలోనే పోదామనుకుంటారు. వాళ్లకు తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఐడీ, హైదరాబాద్‌లో నిఫ్ట్, డిజైన్ చదువులకు ఐఐటీ బొంబాయి నిర్వహించే ప్రవేశ పరీక్ష యూసీడ్. ఈ ప్రవేశ పరీక్షల్లో చూసి వేయగలగడం, ఆలోచనను బొమ్మగా చెప్పగలగడం అడుగుతారు. కోచింగు సెంటర్లు ఇంటరు తర్వాత నెలల్లో నూరిపోసేది ఇదే.

ఇక నేర్పేదెవరన్నది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటిన బడికి కళావిద్యలో పార్ట్ టైం బోధకుణ్ని ఇవ్వమంది. తొమ్మిది, పది తరగతులు ఆ చట్టం పరిధిలోనే లేవు. పాత డ్రాయింగు మాస్టర్లు రిటైరయ్యాక వాళ్ల కుర్చీ ఖాళీగా ఉన్న బళ్లు ఎన్నో. పోస్టులు నింపమని అడగడం ఆపకూడదు. ఈలోగా బొమ్మలు రాని తెలుగు టీచరైనా, బయాలజీ టీచరైనా పైన చెప్పిన అభ్యాసాల్లో సగం చేయించగలరు. చేతిని చూసి వేయించడానికి, బిందె ఎత్తి పట్టుకోవడానికి డిప్లొమా అక్కర్లేదు. పిల్లలతోపాటు తనూ కూర్చుని వేస్తే మరీ మంచిది. హెడ్మాస్టరు చేయగల సాయం ఒకటుంది. వారానికి విడివిడిగా ఉన్న రెండు పీరియడ్లను పక్కపక్కన వేస్తే ఎనభై నిమిషాలు వస్తాయి, హాజరుకూ అట్టలకూ పోయే పది నిమిషాలు ఒక్కసారే పోతాయి. పదో తరగతికి సంక్రాంతి తర్వాత డ్రాయింగు పీరియడు మిగలదు, దాని మీద స్టాఫ్ రూంలో పోట్లాడి లాభం లేదు. జూన్ నుంచి డిసెంబరు దాకా ఉన్నవాటిని ఎవరికీ అప్పివ్వకుండా కాపాడుకుంటే చాలు.